రోడ్డవతలి బిళ్ళలు

ఇప్పుడు కాళ్ళు వాయడం లేదు. పొద్దున్న మంచం దిగగానే మడమ పైన వేలితో నొక్కి చూసుకోవడం అలవాటైపోయింది. గుంట పడితే దిగులు, పడకపోతే టీ పెట్టుకోవడం. ఈమధ్య వరసగా చాలా రోజులు టీ పెట్టుకున్నాను కాబట్టి కూర్చుని ఇది రాసే ధైర్యం వచ్చింది.

రాయమన్నది డాక్టరమ్మ. ఆమెకు కావలసింది రెండు కాగితాల్లో రాసి ఇచ్చేశాను. ఎప్పుడు ఏ బిళ్ళ వేసుకున్నాను, ఎన్నాళ్ళు వేసుకున్నాను, ఎందుకు మార్చాను. ఎందుకు అన్నచోట "అసూయ వల్ల" అని రాశాను. రాసి ఇచ్చాక మనసు ఊరుకోలేదు. పద్దెనిమిదేళ్ళ అసూయని ఒక్క మాటలో సరిపెట్టడం అన్యాయం. దానికీ ఒక చరిత్ర ఉంది, నన్ను దాదాపు డయాలసిస్ మంచం దాకా నడిపించిన చరిత్ర. నాలాంటి బుద్ధి ఉన్నవాళ్ళు ఇంకెవరైనా ఉంటే చదువుకుని జాగ్రత్తపడతారని ఇది రాస్తున్నాను.

నా పేరు వరలక్ష్మి. టెక్కలిలో ఇంటరు చదివాను, పాసవలేదు. పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగు బల్ల దగ్గర పనిచేస్తాను. మాది ఉద్దానంలో సముద్రం ఒడ్డు ఊరు. మా ఆయనా, మా మరిదీ ఒకే పడవ మీద వేటకి వెళ్తారు. మరిది భార్య దాలమ్మ నాకు తోడికోడలు, నన్ను అక్కలా అప్పా అని పిలుస్తుంది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికొకతె. ఆమెని అందరూ వెక్కిరిస్తారు గానీ నేను వెక్కిరించను. నాకు ఆమె బాగా తెలుసు.

జీడి పూత రోజులు

ఆ ఏడు జీడితోటలు పూతకొచ్చిన రోజుల్లో నాకు ముఖం ఉబ్బడం మొదలైంది. పొద్దున్న అద్దంలో చూసుకుంటే ఎవరో లావుపాటి అక్కయ్య కనిపించేది. సాయంత్రానికి ఆ వాపు కాళ్ళలోకి దిగేది. బల్ల దగ్గర కూర్చుంటే ఒళ్ళంతా పిండి రుబ్బినట్టు ఉండేది. ఒళ్ళునొప్పులకి ఫ్యాక్టరీ పక్క కొట్లో దొరికే బిళ్ళ ఒకటి వేసుకుని పనిచేసుకునేదాన్ని. మా బల్ల మీద అందరూ అంతే.

మా వైపు ఈ జబ్బుకి ఎవరూ పేరు పెట్టి పిలవరు. "ఆడికి ఆ జబ్బే" అంటారు, అంతే. మా మావగారు దానితోనే పోయాడు. చివరి రోజుల్లో గ్లాసుడు నీళ్ళు తాగాలన్నా మమ్మల్ని అడిగేవాడు, "తాగనా అమ్మా?" అని. సముద్రం మీద నలభై ఏళ్ళు బతికిన మనిషి. అందుకే నేను పరీక్షకి వెళ్ళడం వాయిదా వేస్తూ వచ్చాను. చివరికి మా ఆయన తిడితే వెళ్ళాను, నాకు తోడుగా దాలమ్మ వచ్చింది. వచ్చింది కదా అని నర్సు దాని రక్తం కూడా తీసింది.

ఇద్దరికీ ఉంది. నాకు కొంచెం ముదిరింది, దానికి మొదట్లోనే ఉంది. ఇద్దరికీ బీపీ బిళ్ళలు రాసి, "మీరు చాలా జాగ్రత్తగా ఉండాలి, ఆవిడకి ఫరవాలేదు, చిన్న డోసు చాలు" అన్నారు. ఆ మాట విన్నప్పుడు నాకు మొదట వచ్చింది భయం కాదు. రోగంలో కూడా దీనికి చిన్నదే వచ్చిందే అనిపించింది. మా అత్త మంచాన పడ్డప్పుడు పన్నెండేళ్ళు వండిపెట్టింది నేనైతే, ఆఖరిసారి నీళ్ళు దాని చేత్తోనే తాగింది. అదిగో, అప్పటి నుంచీ నాకు ఏ విషయంలోనైనా ముందు దాని వాటా కనిపిస్తుంది, తర్వాత నాది.

బస్సులో దాలమ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. "ఏటి కాదప్పా. ఇద్దరం ఉన్నాం కదా, ఒకలికొకలం గుర్తు సేసుకుని బిళ్ళలేసుకుందాం" అంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

చీటీ తీసిన రోజు

మా ఇల్లు తారురోడ్డుకి ఇటు, దాలమ్మది అటు. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు పాత ఇల్లు మాకొచ్చింది, మరిది ఎదురుగా స్థలం కొని కట్టుకున్నాడు. రోడ్డుకి ఇటు ఒక సచివాలయం, అటు ఇంకోటి, కాగితాల మీద రెండు ఊళ్ళు. ఓటు వేరు, రేషను వేరు, టీకాలు వేసే అమ్మాయి కూడా వేరు. కూర మాత్రం వేరుపడలేదు. ఏ పూటైనా ఒక గిన్నె రోడ్డు దాటాల్సిందే.

ఒకరోజు స్కూల్లో మీటింగు పెట్టారు. నాచేత ఇదంతా రాయించిన డాక్టరమ్మే వచ్చి, బీపీ ఉన్నవాళ్ళనీ కిడ్నీ జబ్బు మొదలైనవాళ్ళనీ కూర్చోబెట్టి చెప్పింది.

"ఇందులో కొత్త మందు ఏమీ లేదు. మీ ఆస్పత్రిలో ఇప్పుడు ఇస్తున్న మందే. పెద్ద పెద్ద ఊళ్ళలో, ఏసీ గదుల్లో, చెప్పినట్టు వినే మనుషుల మీద చేసిన పరీక్షలు చాలా ఉన్నాయి. కానీ మీరు వేటకి వెళ్తారు, జీడి పనికి వెళ్తారు, పెళ్ళిళ్ళకి వెళ్తారు, బిళ్ళ మర్చిపోతారు. మీ బతుకు మీరు బతుకుతుండగానే ఆ మందు ఎలా పనిచేస్తుందో చూడాలి. ఒక మనిషి ఇంటికొచ్చి బీపీ చూసి, మీ పని వేళని బట్టి బిళ్ళ వేళ పెడితే మేలా, ఇప్పటిలాగే మీరే ఆస్పత్రికి వస్తే సరిపోతుందా? అది తెలుసుకోవడానికే ఇదంతా."

ఏ ఊరికి అని చీటీలు వేశారు. స్టీలు చెంబులో రెండు చీటీలు. హెడ్మాస్టరు గారు తీశారు. అటువైపు ఊరు వచ్చింది.

దాలమ్మ నా వైపు తిరిగి నవ్వింది. అది ఎగతాళి నవ్వు కాదని ఇప్పుడు తెలుసు. దానికి ఏది వచ్చినా నాకు చూపించి నవ్వడం అలవాటు, గాజులు వేయించుకున్నా అంతే. కానీ ఆ రోజు ఆ నవ్వు చూశాక డాక్టరమ్మ ఇంకా ఏం చెప్పిందో నా చెవిన పడలేదు. ఆమె ఇంకా చాలాసేపే మాట్లాడింది. ఆ మాటల్లో నాకు కావలసిన మాట ఒకటి ఉంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఎండలు ముదిరిన రోజులు

అటువైపుకి వేసిన అమ్మాయి పేరు సునీత. నందిగాం పిల్ల. రెండు వారాలకోసారి స్కూటీ మీద వచ్చి, సరిగ్గా నా అరుగుకి ఎదురుగా దాలమ్మ అరుగు మీద కూర్చునేది. బీపీ చూసేది, కాళ్ళు నొక్కి చూసేది, ఏం తిన్నావని అడిగేది. దాలమ్మ ఎండుచేపలు అమ్ముకునే మనిషి, పొద్దున్నే గంప ఎత్తుకుని వెళ్ళిపోతుంది కాబట్టి సాయంత్రం గంప దించాక బిళ్ళ వేసుకోమని చెప్పింది. ఒకరోజు పొయ్యి దగ్గరికి కూడా వెళ్ళి కూరలో ఉప్పు రుచి చూసింది. మా ఆయన ఒక్కరోజు నా కూరలో ఉప్పు గురించి అడిగిన పాపాన పోలేదు.

అన్నిటికంటే ఆ డబ్బా. నీలం రంగు ప్లాస్టిక్ డబ్బా, పద్నాలుగు గదులు, ప్రతి గదికీ ఒక చిన్న మూత. సునీత కూర్చుని ఒక్కో గదిలో ఒక్కో బిళ్ళ వేసి టక్కుమని మూసేది. ఆ టక్కుమనే చప్పుడు రోడ్డు దాటి నాకు వినిపించేది.

ఇటువైపు నా సంగతి ఇలా ఉండేది. ఆస్పత్రికి వెళ్ళాలంటే ఆ రోజు పని పోయినట్టే. బెంచీ మీద జ్వరాల వాళ్ళ మధ్య, చంటిపిల్లల తల్లుల మధ్య కూర్చుంటే మధ్యాహ్నానికి పేరు పిలిచేవాళ్ళు. అక్కడి నర్సు మంచిదే, కానీ ఆమె ఒక్కతే. "బాగున్నావా? బిళ్ళలేసుకుంటున్నావా?" అని తల ఎత్తకుండానే అడిగి, నేను ఊ అనేలోపే అట్టలు చేతిలో పెట్టేది. అట్టలు అయిపోయిన వారానికి గానీ మళ్ళీ వెళ్ళడం కుదిరేది కాదు. మేస్త్రీ సెలవివ్వాలి కదా.

ఒకరోజు ఉండబట్టలేక రోడ్డు దాటి వెళ్ళి దాలమ్మ పక్కన కూర్చున్నాను. సునీత అట్టలోంచి బిళ్ళలు తీస్తోంది. అట్ట మీద పేరు చదివాను. నా బిళ్ళ పేరే. పక్కన అంకె మాత్రం ఐదు. నా అట్ట మీద పది.

ఇక్కడ మా పని గురించి చెప్పాలి, లేకపోతే నేను చేసింది ఎవరికీ అర్థం కాదు. గ్రేడింగు బల్ల మీద పప్పుకి అంకెలు ఉంటాయి. నూట ఎనభై అంటే రాజు పప్పు, లావుగా, నిండుగా. దాని తర్వాత రెండొందల నలభై. మూడొందల ఇరవై అంటే అందరూ పాయసంలో వేసుకునే మామూలు పప్పు. తూకానికి ఎన్ని పప్పులు తూగితే అది అంకె. అంటే అంకె ఎంత చిన్నదైతే సరుకు అంత గొప్పది. నా చేతులు ఇన్నేళ్ళుగా ఆ లెక్కనే నమ్ముకుని బతుకుతున్నాయి.

అందుకని ఐదు అన్న అంకె చూడగానే నాకు అంతా తెలిసిపోయినట్టనిపించింది. ఆస్పత్రిలో చెప్పిన చిన్న డోసు మాట గుర్తుకే రాలేదు. మందు అదే అని మీటింగులో చెప్పి, చీటీ వచ్చిన ఊరికి మేలురకం ఇస్తున్నారు, మాకు మూడొందల ఇరవై అంటగడుతున్నారు! సునీతని అడిగితే పోయేది. అడగలేదు. అడిగితే దాలమ్మ ముందు తక్కువైపోతాను కదా.

వేట నిషేధం రోజులు

నిషేధం వచ్చిందంటే పడవలు ఒడ్డెక్కుతాయి, మగవాళ్ళు ఇంట్లో ఉంటారు. ఆ రెండు నెలలూ దాలమ్మ పెరట్లో కొబ్బరిచెట్ల కింద వలలు బాగుచేస్తారు, రెండు ఇళ్ళకీ వంట దాని పొయ్యి మీదే. నేను పనికి వెళ్ళొచ్చి అక్కడే ఉండేదాన్ని.

సునీత డబ్బా నింపి వెళ్ళిన రోజే చేశాను. "దాలమ్మా, పచ్చడికి కొబ్బరికాయ కొట్టుకురా" అని దాన్ని పెరట్లోకి పంపాను. గూట్లోంచి డబ్బా తీశాను. పద్నాలుగు మూతలు తెరిచి, పద్నాలుగు బిళ్ళలు తీసి, నా కొంగున ముడివేసిన పద్నాలుగూ వేశాను. రెండూ తెల్లవే, గుండ్రటివే. నాది వెంట్రుకవాసి లావు. ఆ తేడా పట్టే కన్ను నాకుంది, దానికి లేదు. దాలమ్మ కొబ్బరికాయ పట్టుకుని వచ్చేసరికి నేను మిరపకాయలు వేయిస్తున్నాను.

"సెమటలు పడతన్నాయేటప్పా?" అంది.

"పొయ్యి దగ్గర పట్టకేటి" అన్నాను.

అలా నాలుగుసార్లు మార్చాను. ఆ రెండు నెలలూ నేను ఒక్కరోజు కూడా బిళ్ళ మానలేదు. మేలురకం సరుకు కదా! దేవుడి ప్రసాదంలా కళ్ళకద్దుకుని వేసుకున్నాను. తలనొప్పి మొదలైంది. అది మందు పట్టడం అనుకున్నాను. కాళ్ళు మళ్ళీ వాచాయి, ఎండలనుకున్నాను. మెడ వెనక ఎవరో బరువు పెట్టినట్టు ఉండేది. తెల్లారి లేవగానే వాంతి వచ్చినట్టుండేది. అయినా ఎదురింటి డబ్బా వైపు చూస్తే అన్నీ తేలికైపోయేవి.

దాలమ్మకి కళ్ళు తిరగడం మొదలైంది. సునీత వచ్చినప్పుడు బీపీ తగ్గిందని రాసుకుని, ఎండలకేమో అంది. "నెగిసి నిలబడితే సాలు, సీకట్లు కమ్ముతన్నాయప్పా" అనేది దాలమ్మ. "ఎండలే, మజ్జిగ తాగు" అనేదాన్ని. ఆ మాట రాయడానికి ఇప్పుడు చేయి రావడం లేదు, కానీ అన్నాను. నేనిచ్చింది తక్కువరకం బిళ్ళ, దానివల్ల దానికి మందు చాలడం లేదని అనుకున్నాను. అంతకుమించి ఆలోచించలేదు.

నిషేధం ముగిసే ముందు ఒక మధ్యాహ్నం దాలమ్మ నీళ్ళబిందెతో తన మెట్లెక్కుతూ పడిపోయింది. నేను నా అరుగు మీంచి చూశాను. ముందు బిందె దొర్లింది, తర్వాత అది. నేను పరుగెత్తి వెళ్ళేసరికి కనుబొమ్మ చీరుకుపోయి ముఖమంతా రక్తం. నాలుగు కుట్లు పడ్డాయి.

మర్నాడు కొళాయి దగ్గర మాట పుట్టింది. "పరీచ్చ బిళ్ళలంటర్రా అవి. మనమీద పరీచ్చలు సేత్తన్నారు. దాలమ్మ పడిపోనాది, రేపు మనం." మూడో రోజుకి అటువైపు సగం ఇళ్ళలో బిళ్ళలు కాలవలో పడ్డాయి. సునీత వస్తే తలుపులు వేసుకున్నారు.

నిజం చెబుతాను. మొదటి రోజు నాకు లోపల చల్లగా ఉంది. ఇక ఆ స్కూటీ నా ఎదురుగా ఆగదు, ఆ టక్కుమనే చప్పుడు వినక్కర్లేదు.

అటు ఎవరూ తలుపు తీయకపోతే సునీత వచ్చి నా అరుగు మీద కూలబడింది. కళ్ళనిండా నీళ్ళు. మంచినీళ్ళిచ్చాను. తాగి, నా కాళ్ళు చూసింది. "పిన్నీ, మీరు నా లిస్టులో లేరు, ఇది నేను రాసుకోకూడదు. ఊరికే చూస్తాను, చెయ్యివ్వండి" అని బీపీ పట్టీ చుట్టింది. చూసింది. మళ్ళీ చుట్టి చూసింది. ముఖం మారిపోయింది.

"బిళ్ళ వేసుకుంటున్నారా?"

"ఒక్కరోజూ మానలేదు" అన్నాను. అది అబద్ధం కూడా కాదు.

"రేపే టెక్కలి వెళ్ళాలి పిన్నీ. ఆగడానికి లేదు."

టెక్కలి

మర్నాటికి నిషేధం ముగిసింది, మగవాళ్ళు వేటకి వెళ్ళిపోయారు. నాతో ఎవరు వస్తారు? కనుబొమ్మ మీద పట్టీతో, చేతిలో క్యారేజీతో దాలమ్మ తయారుగా రోడ్డు మీద నిలబడి ఉంది. వద్దన్నాను. "నోరు మూసుకుని బండెక్కు" అంది.

ఆస్పత్రి బెంచీల మీద చోటు లేదు. డయాలసిస్ చేయించుకుని చేతి నరం తాడులా ఉబ్బిపోయిన ఒకాయన నన్ను చూసి లేచి తన చోటిచ్చాడు. "నాను కూకునీ కూకునీ అలిసిపోనానమ్మా, నువ్వు కూకో" అన్నాడు. పక్కన నౌపడ నుంచి వచ్చిన ముసలమ్మ, ఉప్పుమడిలో పనిచేస్తుందట. "రోజంతా ఉప్పులోనే నిలబడతాను, కూరలో ఉప్పేసుకోవద్దంతన్నారు, ఇదేటి న్యాయం సెప్పు" అని నవ్వించింది. ఆయన చెయ్యి వైపు మాత్రం నేను చూడలేకపోయాను. దాలమ్మ నాలుగుసార్లు లైన్లో నిలబడి నా కాగితాలు తెచ్చింది. మధ్యలో రెండుసార్లు గోడ పట్టుకుంది.

రక్తం రిపోర్టు వచ్చింది. జబ్బు ఒక మెట్టు పైకెక్కింది. ఇంకో మెట్టెక్కితే నాకు చోటిచ్చిన ఆయన పక్క డయాలసిస్ మంచం నాదే. మావగారి మాట చెవిలో వినిపించింది, "తాగనా అమ్మా?"

దాలమ్మ పడిపోయిన సంగతి తెలిసి ఆ డాక్టరమ్మ కూడా ఆ రోజు అక్కడికి వచ్చింది, సునీతని తీసుకుని. మా ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టింది. దాలమ్మని అడిగింది.

"నిజం చెప్పమ్మా, ఏమీ అనను. రోజుకి రెండేసి వేసుకున్నావా?"

"నేదమ్మా. గదికొక్కటే."

"మరి బీపీ ఇంత కిందికి ఎలా పడిపోయింది?" ఆమె సునీత వైపు తిరిగింది. "ఇది తేలేదాకా అన్ని ఊళ్ళలో ఆపేద్దాం. ఇంటికి వెళ్ళడం మానెయ్యండి. కారణం తెలియకుండా ఇంకొకరిని ప్రమాదంలో పెట్టలేను."

సునీత తల దించుకుంది. దాలమ్మకి ఏడుపొచ్చేసింది. తనవల్ల అందరికీ ఆగిపోతోందని దానికి అర్థమైంది. "నాను ఎక్కువేసుకుంతే నా పిల్లల మీద ఒట్టు" అంది, చెయ్యి చాపి. "నా ఇద్దరు పిల్లల మీద ఒట్టమ్మా."

ఆ చెయ్యి గాలిలో అలాగే ఉంది. అప్పటికి గానీ నా నోరు పెగల్లేదు.

"అది వేసుకున్నవి దాని బిళ్ళలు కావు, నావి" అన్నాను. "నేనే మార్చాను."

మొత్తం చెప్పాను. అంకె గురించీ, బల్ల గురించీ, కొబ్బరికాయ గురించీ. దాలమ్మ చాపిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని నన్ను చూసింది.

"డబ్బా అడిగితే ఇచ్చీదాన్ని కాదేటి?" అంది. లేచి నిలబడి, "నా పిల్లల మీద ఒట్టేసినదాకా సూత్తా కూకున్నావప్పా" అంది. క్యారేజీ బెంచీ మీద పెట్టి బయటికి వెళ్ళిపోయింది.

డాక్టరమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుంది.

"ఐదు కంటే పది ఎక్కువ డోసు వరలక్ష్మిగారూ. మీకు జబ్బు ఎక్కువ కాబట్టి పది ఇచ్చారు. మీరు సగం మందుతో బతికారు, ఆవిడ రెట్టింపు మందుతో."

"మేలురకం అనుకున్నాను."

"మీ బల్ల మీద ఇంకెంతమంది అలా అనుకుంటున్నారో!" అంది, నన్ను కాదు, తనలో తను. తర్వాత సునీతతో అంది, "తప్పు మనదీ ఉంది. మామూలు బతుకులో పరీక్ష పెడుతున్నామని గొప్పగా చెప్పుకున్నాం. రోడ్డు చూసి గీత గీశాం. కూరగిన్నె ఎటు వెళ్తోందో చూడలేదు."

చివరికి నన్ను అడిగింది, "మీ వైపుకి వచ్చే ఏడు వంతు వస్తుందని ఆ రోజే చెప్పాను కదా. ఒక్క ఏడు ఆగలేకపోయారా?"

అదే నా చెవిన పడని మాట. చెంబులో ఉన్నవి ముందు ఎవరు, తర్వాత ఎవరు అన్న చీటీలు. ఎవరికి ఉంటుంది, ఎవరికి ఉండదు అని కాదు. దాలమ్మ నవ్వు చూస్తూ కూర్చుని నేను అది వినలేదు.

తిరుగు బస్సులో దాలమ్మ ముందు సీటులో కూర్చుంది. క్యారేజీ నా ఒళ్ళో ఉంది. ఉప్పు లేని పప్పూ అన్నం. తిన్నాను, ఎందుకంటే తినకపోతే అది కూడా వృథా అయిపోయేది.

వానలు

కారణం తెలిసింది కాబట్టి ఆపక్కర్లేదన్నారు. కానీ అటువైపు ఎవరూ నమ్మలేదు. డాక్టరమ్మ చెప్పింది, సునీత చెప్పింది. "మీరు అలాగే సెప్తారు" అన్నారు. వాళ్ళలో నాకంటే ముదిరినవాళ్ళు ముగ్గురున్నారు, వాళ్ళూ బిళ్ళ మానేశారు. చెప్పాల్సింది నేనే.

మా ఆయనకి చెబితే రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, "ఊర్లో తలెత్తుకుంతామేటి?" అన్నాడు. నేను ఏడుస్తుంటే కాసేపు చూసి, "సాల్లే. తమ్ముడి పెళ్ళాం పడిపోనప్పుడు నేని సిగ్గు ఇప్పుడెందుకు? ఎల్లు, సెప్పిరా" అన్నాడు.

వానలో గొడుగేసుకుని సునీత వెంట ప్రతి తలుపూ తట్టాను. "బిళ్ళ మంచిదే. నా బుద్ధే మంచిది కాదు. నేనే మార్చాను" అని చెప్పాను. ఒకామె ముఖాన తలుపేసింది. ఒక ముసలమ్మ పగలబడి నవ్వి, "దీనికా ఇంత గోల! మా తోడికోడలు నా పట్టుసీర కాల్సేసింది" అంది. ఒకామె అంతా విని, నెమ్మదిగా, "ఐదంతే తక్కువేటి? నానూ ఐదే మంచిదనుకున్నాను" అంది. ఆమె మా బల్ల మీద మనిషే. తర్వాత సునీత అట్టల మీద అంకెలు కొట్టేసి, ఐదుకి ఒక చుక్కా, పదికి రెండు చుక్కలూ పెట్టడం మొదలుపెట్టింది. ఒక్కో ఇల్లే మళ్ళీ బిళ్ళలు తీసుకుంది.

దాలమ్మ తలుపు మాత్రం నేను తట్టలేదు. ధైర్యం చాలలేదు. అది బిళ్ళలు వేసుకుంటోందని సునీత చెప్పింది. కానీ కూరగిన్నె రోడ్డు దాటడం మానేసింది. పద్దెనిమిదేళ్ళు దాని నవ్వు చూడలేక చచ్చాను. ఇప్పుడు అది నవ్వకపోతే ఇల్లు బోసిపోయింది. ఎదురింట్లో అది ఇంకెవరితోనో నవ్వుతూ మాట్లాడుతుంటే ఆ మనిషి మీద కూడా అసూయే.

నెల దాటాక ఒక సాయంత్రం ముసురులో నెత్తి మీద గోనె కప్పుకుని వచ్చి నా ముందు గిన్నె పెట్టింది. బెండకాయ కూర.

"ఉప్పెయ్యనేదు. మింగు" అంది.

"లోపలికి రా" అన్నాను.

"ఒట్టు ఒట్టే అప్పా. అది మర్సిపోను" అంది. కానీ గిన్నె ఖాళీ అయ్యేదాకా గుమ్మంలోనే నిలబడింది.

మళ్ళీ జీడి పూత

పది అంకె బిళ్ళ మళ్ళీ సరిగ్గా పడ్డాక, ఒళ్ళునొప్పుల కొట్టు బిళ్ళలు కిడ్నీకి చేటని డాక్టరమ్మ చెబితే మానేశాక, నా జబ్బు ఎక్కిన మెట్టు దిగలేదు గానీ పైకి వెళ్ళడం ఆగింది. ఈ జబ్బులో ఆగడమే వరం. దాలమ్మకి కనుబొమ్మ మీద గీత మిగిలింది. అద్దంలో చూసుకున్నప్పుడల్లా నన్ను తిట్టుకుంటానని నాతోనే చెప్పింది.

తోటలు మళ్ళీ పూతకొచ్చాయి. మా వైపు వంతు వచ్చింది. సునీత స్కూటీ మొదటిసారి నా అరుగు ముందు ఆగింది. బీపీ చూసింది, కాళ్ళు నొక్కింది, కూర రుచి చూసింది. సంచీలోంచి డబ్బా తీసింది. ఆకుపచ్చది. రెండు చుక్కల అట్ట విప్పి ఒక్కో గదిలో ఒక్కో బిళ్ళ వేసి టక్కుమని మూసింది. నా అరుగు మీద ఆ చప్పుడు వినడానికి నేను ఏం చేశానో తలుచుకుంటే కళ్ళు చెమర్చాయి.

తలెత్తి చూస్తే ఎదురు అరుగు మీద దాలమ్మ నిలబడి ఉంది. నా డబ్బా వైపే చూస్తోంది. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఏడాదంతా ఈ అరుగు మీంచి నేను చూసిన చూపే అది. రోడ్డు దాటి వచ్చి నా పక్కన కూర్చుంది.

"నీకు పచ్చది ఇచ్చినారేటి?" అంది.

"నీది నీలం కదా."

"నీలం ఏటి బాగుంతాది. మాసిపోనాది కూడాను. పచ్చది సూడు, మామిడాకు నాగుంది." కాసేపు డబ్బాని అటూ ఇటూ తిప్పింది. "మార్సుకుందామేటప్పా?"

సునీత ఉలిక్కిపడి మా ఇద్దరినీ చూసింది. దాలమ్మ కనుబొమ్మ మీద గీత ముడుచుకుంది, నవ్వొస్తుంటే అలా ముడుచుకుంటుంది.

దాలమ్మ వెళ్ళి తన నీలం డబ్బా తెచ్చింది. అక్కడే, సునీత కళ్ళ ముందే, రెండు డబ్బాలూ ఖాళీ చేశాం. ఒక చుక్క బిళ్ళలు పచ్చ డబ్బాలోకి, రెండు చుక్కల బిళ్ళలు నీలం డబ్బాలోకి. ఒక్కో బిళ్ళా చేతిలోకి తీసుకుని దాలమ్మ నాకు చూపించింది, నేను దానికి చూపించాను. అన్ని మూతలూ వేశాక పచ్చ డబ్బా పట్టుకుని నవ్వుకుంటూ రోడ్డు దాటి వెళ్ళిపోయింది.

ఇది రాస్తున్నప్పుడు నీలం డబ్బా నా పక్కనే ఉంది. ఒక మూత వదులైంది, సరిగ్గా పట్టడం లేదు. నిజం చెప్పాలంటే పచ్చదే బాగుంది.